వానలు పోయి వడగాలులు

మే మొదట్లో సాయంత్రం పూట ఉరుములతో వానలు కురిసి హైదరాబాద్‌ను చల్లబరిచాయి. బంగాళాఖాతం తేమను మోసుకొచ్చే గాలులు తగ్గి, వాయవ్యం నుంచి పొడిగాలులు మొదలవగానే ఉక్కపోత పోయి, ఒళ్లు చురుక్కుమనే ఎండ వచ్చింది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి కాబట్టి ఒకప్పుడు ఇక్కడ రాత్రులైనా చల్లగా ఉండేవని పెద్దలు చెబుతారు. ఇప్పుడు పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి పొద్దుపోయేదాకా వేడిని వదులుతూనే ఉంటోంది. డాబా మీద ఆరేసిన తువ్వాలు కాసేపటికే అట్టలా బిగుసుకుంటోంది, కుండీలోని మల్లెమొగ్గలు విచ్చకముందే మాడిపోతున్నాయి (వాటిని చూస్తే నిజంగా బాధేస్తోంది). రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారానికి గానీ ఇక్కడికి చేరవు కనుక, అందాకా డెలివరీ కుర్రాళ్లకూ పారిశుద్ధ్య కార్మికులకూ మా గేటు దగ్గర మట్టికుండలో నీళ్లు పెడుతున్నాం. వీలైతే మీరూ పెట్టండి.