వాన ఆదివారం, మావెరిక్స్

పొద్దున మొదలైన వాన మధ్యాహ్నం దాకా వదల్లేదు. ఆరేసిన బట్టలన్నీ హాల్లో కుర్చీల మీదికి చేరాయి. బయటికి కదిలే పని లేదు కదా అని ఎప్పుడో చూసిన డాక్యుమెంటరీ మళ్ళీ పెట్టాను. పేరు ‘ద బ్యాటర్డ్ బాస్టర్డ్స్ ఆఫ్ బేస్‌బాల్’. 2014లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, గంటా ఇరవై నిమిషాలే. మావెరిక్స్ అనే అమెరికన్ బేస్‌బాల్ జట్టు కథ.

అయిపోగానే తమ్ముడికి ఫోన్ చేశాను. “అక్కా, బేస్‌బాల్లో నాకు ఓనమాలు కూడా రావు” అన్నాడు. “నాకు మాత్రం వచ్చా ఏంటి? చూడరా ముందు” అన్నాను.

అమెరికాలో చిన్న లీగుల జట్లు చాలావరకు ఏదో ఒక పెద్ద క్లబ్బు చెప్పుచేతల్లో ఉంటాయి. ఆటగాళ్ళను పంపేదీ వాళ్ళే, జీతాలిచ్చేదీ వాళ్ళే. కాస్త రాణించగానే పైకి లాక్కునేదీ వాళ్ళే. ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో ఉన్న పై లీగు జట్టు 1972 సీజన్ అయ్యాక, జనం రావట్లేదని మూటాముల్లె సర్దేసింది. మరుసటేడు ఆ ఖాళీ స్టేడియానికి బింగ్ రసెల్ వచ్చాడు. ‘బొనాంజా’ సీరియల్లో డిప్యూటీ షెరీఫ్ వేషం వేసినాయన, హాలీవుడ్ హీరో కర్ట్ రసెల్‌కి నాన్న. ఏ క్లబ్బు అండా లేకుండా మావెరిక్స్ అనే జట్టు పెట్టి, ఎవరైనా రావచ్చని సెలక్షన్స్ ప్రకటించాడు. ఎవరూ వద్దనుకున్నవాళ్ళంతా దిగారు. గడ్డాలు, జులపాలు, అరకొర జీతాలు. యాంకీస్ అనే పెద్ద క్లబ్బుకి ఆడిన జిమ్ బౌటన్, డ్రెస్సింగ్ రూమ్ గుట్టంతా పుస్తకంలో రాసి పెద్దలకు కంటగింపైనవాడు, మళ్ళీ బంతి పట్టింది ఇక్కడే. కర్ట్ కూడా 1973లో ఆడాడు.

నాకు భలే నచ్చింది చీపురు. సిరీస్ క్లీన్ స్వీప్ చేశారంటే జో గార్జా అనే ఆటగాడు చీపురు పట్టుకొచ్చి, దానికి నిప్పంటించి ఊపేవాడు. స్టేడియం ఊగిపోయేది. మన దగ్గరైతే ఫైన్ వేసి ఇంటికి పంపేవాళ్ళు.

అసలు కథ చివర్లో ఉంది. 1977కల్లా జనం పోటెత్తడంతో, పోర్ట్‌లాండ్ పనికిరాదని వెళ్ళిన పై లీగుకి ఆ ఊరు మళ్ళీ ముద్దొచ్చింది. ఊరు వదులుకున్నందుకు బింగ్‌కి 26 వేల డాలర్లు ఇచ్చి పంపేద్దామనుకున్నారు. ఆయన 2 లక్షల 6 వేలు అడిగాడు. వ్యవహారం మధ్యవర్తి దాకా వెళ్ళింది, అడిగినంతా వచ్చింది. డబ్బు గెలిచాడు, జట్టు పోయింది. ఆ రెండూ ఒకేసారి జరగడం చూస్తే సంతోషించాలో ఏడవాలో తెలీదు.

తీసినవాళ్ళు బింగ్ మనవళ్ళు, చాప్‌మన్ వే, మెక్లెయిన్ వే. అందుకే తాతగారి మీద మురిపెం కాస్త ఎక్కువే. ఆయనతో పడనివాళ్ళు ఒక్కరైనా ఉండే ఉంటారు, వాళ్ళని కూడా కూర్చోబెట్టి మాట్లాడించి ఉంటే ఇంకా బాగుండేది. అయినా ఆ పాత ఫుటేజీ చూస్తుంటే ఆ మురిపెం మనకీ అంటుకుంటుంది.

రాత్రి తమ్ముడి మెసేజ్: “సగం అయింది. ఈ ఆటగాళ్ళు చూయింగ్ గమ్ కంపెనీ ఏదో పెట్టారటగా?”

పొగాకు నమిలే బదులు గమ్ముని సన్నగా తురిమి సంచీలో అమ్మితే ఎలా ఉంటుందని వాళ్ళ పిచర్ (బంతి విసిరేవాడు) రాబ్ నెల్సన్‌కి తట్టిందనీ, బౌటన్‌తో కలిసి దాన్ని మార్కెట్లోకి తెచ్చాడనీ టైపు చేసి, మళ్ళీ చెరిపేశాను. “మిగతా సగం చూడు” అని పెట్టాను.