చలివేంద్రం మూడో వారంలో ఎందుకు ఎండిపోతుంది?

మార్చి వచ్చిందంటే హైదరాబాద్‌లో చాలా సేవా క్లబ్బులు చలివేంద్రాలు తెరుస్తాయి. కొబ్బరి మట్టల పందిరి, తడిగుడ్డ చుట్టిన నాలుగు రంజన్లు (పెద్ద మట్టికుండలు), పైన అధ్యక్ష కార్యదర్శుల ఫొటోలతో ఫ్లెక్సీ. మూడు వారాలయ్యాక అటుగా వెళ్లి చూడండి. ఫ్లెక్సీ ఉంటుంది, పందిరీ ఉంటుంది. రంజన్ అడుగున రెండు చెంబుల నీళ్లు, వాటి మీద ఓ వేపాకు తేలుతూ ఉంటాయి. ఎండలు అసలు ముదిరేది ఆ తర్వాతే. రోళ్లు పగిలే రోహిణీ కార్తె మే నెలాఖరున వస్తుంది. కుండ నిండుగా ఉండాల్సింది అప్పుడు.

యాభయ్యో రోజు పొద్దున ఏడింటికి రంజన్లు ఎవరు కడుగుతారు? ఈ ప్రశ్నకు మనిషి పేరుతో సహా జవాబు రాసుకున్నాకే ఫ్లెక్సీకి ఆర్డర్ ఇవ్వాలి.

చలివేంద్రం మధ్యలో ఆగిపోవడానికి ఒక కారణం క్లబ్బుల క్యాలెండర్‌లోనే ఉంది. లయన్స్, రోటరీ క్లబ్బులకు సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. అంటే ఎండాకాలం వచ్చేసరికి కార్యవర్గం చివరి మూడు నాలుగు నెలల్లో ఉంటుంది. కంటి శిబిరాలు, నోటు పుస్తకాల పంపిణీ, దుప్పట్లు అన్నీ అయిపోయి ఖాతా అడుగంటి ఉంటుంది. చలివేంద్రం డబ్బును జూలైలో బడ్జెట్ వేసేటప్పుడే విడిగా తీసి పెట్టడం మేలు. అది కుదరకపోతే రోజువారీ దాతల పద్ధతి బాగా నడుస్తుంది. మార్చి 20 నుంచి జూన్ 7 దాకా 80 రోజులు. పుట్టినరోజు, పెళ్లిరోజు, పెద్దల తిథి పేరు చెప్పి ఒక్కో కుటుంబం ఒక్కో రోజు నీళ్ల ఖర్చు భరిస్తే చాలు. ఆ రోజు వాళ్ల పేరు చిన్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయండి. ఫ్లెక్సీ ఖర్చు తప్పుతుంది, పేరు చూసుకోవడానికి వచ్చిన ఇంటివాళ్లు ఓ గంట నీళ్లు పోసి వెళ్తారు.

ఇక నీళ్ల లెక్క. ఒక మనిషి నిలబడి తాగేది రెండు గ్లాసులు, సుమారు అర లీటరు. రోజుకు 500 మంది వచ్చే చోట 250 లీటర్లు కావాలి. 20 లీటర్ల క్యాన్లయితే పన్నెండో పదమూడో. కానీ ఇది తాగేవాళ్ల లెక్కే. ఆటో డ్రైవర్లు, పారిశుద్ధ్య కార్మికులు, డెలివరీ కుర్రాళ్లు సీసాలు నింపుకుంటారు, నింపుకోనివ్వాలి. సీసాకు వద్దనే బోర్డు పెట్టిన చలివేంద్రం, ఎవరికైతే పెట్టామో వాళ్లనే తరిమేస్తుంది. సీసాల కోసం ఇంకో 100 లీటర్లు కలుపుకోండి. ఈ నీళ్లకు కుండతో పని లేదు, నీడలో పెట్టిన టాపు డ్రమ్ము సరిపోతుంది.

రంజన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మట్టి రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి, ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాక్కుపోతుంది. కుండ చల్లదనం అంతా ఈ ఆవిరిదే. అందుకే కుండ మీద ఎనామిల్ పెయింటుతో క్లబ్ పేరు రాయించడం, వార్నిష్ కొట్టించడం పెద్ద పొరపాటు. రంగు పడిన మేర రంధ్రాలు మూసుకుపోతాయి, చూడ్డానికి బాగుంటుంది గానీ నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి. పేరు రాయాలనిపిస్తే చుట్టే గోనెపట్టా మీద రాసుకోవచ్చు. కొత్త రంజన్‌ను ఒక రోజంతా నీళ్లు పోసి ఉంచి పారబోయాలి, ఇలా రెండు మూడు సార్లు చేస్తే మట్టి వాసన తగ్గుతుంది. సబ్బు, డిటర్జెంట్ అసలు వాడకూడదు. మట్టి దాన్ని పీల్చుకుని రోజుల తరబడి నీళ్లలోకి వదులుతుంది. కొబ్బరి పీచుతో రుద్ది మంచినీళ్లతో తొలిస్తే చాలు. కుండ కింద నాలుగంగుళాల ఇసుక పోసి తడుపుతూ ఉండాలి, ఒంటికి గోనెపట్టా చుట్టి దాన్నీ తడపాలి. ఈ తడి పగలు మూడు సార్లయినా పెట్టకపోతే రెండింటి ఎండకు పట్టా ఎండి కట్టెలా అవుతుంది.

20 లీటర్ల రంజన్ నింపగానే చల్లబడదు, రెండు మూడు గంటలు పడుతుంది. నాలుగే కుండలు పెట్టిన చోట మధ్యాహ్నం ఒంటిగంటకు కొత్తగా పోసిన వేడినీళ్లే జనం తాగుతారు. ఎనిమిది పెట్టండి, నాలుగు వాడకంలో ఉంటే నాలుగు చల్లబడుతూ ఉంటాయి. నాలుగు కుండల జట్టు సుమారు రెండున్నర గంటలు వస్తుంది. పదింటి నుంచి ఆరింటి దాకా మూడు విడతలు తిప్పితే 240 లీటర్లు. క్యాన్లు ఎండలో దించి వదిలేస్తే ఈ ఏర్పాటంతా వృథా, వాటికీ నీడ కావాలి.

నెలన్నర వాడాక కుండ బయట తెల్లటి పొర కడుతుంది. బోరు నీళ్లయితే ఇంకా తొందరగా కడుతుంది. అది నీళ్లలోని లవణం. రంధ్రాలు పూడిపోయాయని, ఇక ఆ కుండ చల్లబరచదని దానర్థం. మే మొదటి వారంలో సగం కుండలు మార్చడానికి ముందే డబ్బు పెట్టుకోండి. జూన్‌లో తొలకరి పడి గాలిలో తేమ పెరిగినా కుండ చల్లదనం తగ్గుతుంది, దానికి కుండను తప్పుపట్టి లాభం లేదు.

టాపు ఉన్న రంజన్‌నే కొనండి. టాపు అడుగు నుంచి రెండంగుళాలు పైన ఉంటే మడ్డి కిందే నిలుస్తుంది. లోపలా బయటా వాషర్లు వేసి చేత్తోనే బిగించాలి, పానా వేస్తే కుండ పగులుతుంది. టాపు లేని కుండకైతే పొడవాటి కాడ ఉన్న గరిటె తప్పనిసరి. పోసేవాళ్లు తప్ప ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఒక్కరు గ్లాసు ముంచినా కుండంతా ఎంగిలే. మూతికి తెల్ల నూలుగుడ్డ వాసెన కట్టి, పైన మూకుడు పెట్టాలి. ఆ గుడ్డను రోజూ మార్చాలి.

నీళ్ల శుభ్రత విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది: ఆర్వో నీళ్లు కాబట్టి భయం లేదని. ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు. క్యాన్ నుంచి కుండలోకి మారాక ఏ క్రిమి చేరినా దాన్ని ఆపేది ఏమీ లేదు. నల్లా నీళ్లలో కొంత క్లోరిన్ మిగిలి ఉంటుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. క్లోరోస్కోప్ కిట్‌లో చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి, తేలకపోతే క్లోరిన్ లేనట్టే. మామూలు అర గ్రాము క్లోరిన్ మాత్ర ఒకటి 20 లీటర్లకు సరిపోతుంది, వేశాక అరగంట ఆగి వాడాలి. మాత్రల బలం కంపెనీని బట్టి మారుతుంది, పెట్టె మీద చదివి వేయండి. సాయంత్రం మిగిలిన నీళ్లు చెట్టు మొదట్లో పోసి కుండ బోర్లించాలి, రాత్రంతా నిలవ ఉంచొద్దు. పందిరి కింద మడుగు కట్టనివ్వకండి. వారం పది రోజులు నీళ్లు నిలిస్తే డెంగీ దోమ పుట్టేస్తుంది. ట్యాంకర్ అవసరమైతే జలమండలి నంబర్ 155313.

గ్లాసుల దగ్గర బద్ధకిస్తే చెత్త పోగవుతుంది. ప్లాస్టిక్ గ్లాసులపై 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. కాగితం గ్లాసుకూ లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, రోజుకు వెయ్యి గ్లాసులు నాలాలో పడితే వానాకాలంలో అనుభవించేది అదే బస్తీ. 40 స్టీలు గ్లాసులు, కడగడానికి మూడు టబ్బులు పెట్టుకోండి. మొదటిదాంట్లో సబ్బునీళ్లు, రెండోది తొలవడానికి, మూడోదాంట్లో క్లోరిన్ మాత్ర వేసిన నీళ్లు. గంటకోసారి మొదటి రెండు టబ్బులూ మార్చాలి. గ్లాసులకు గొలుసు కట్టడం మాకు నచ్చదు. గొలుసు కట్టిన గ్లాసును కడగడం కుదరదు, పైగా నీళ్లకొచ్చిన మనిషిని దొంగలా చూసినట్టుంటుంది. సీజన్‌కు ఓ పది గ్లాసులు పోతాయి, పోనివ్వండి. పెద్దవాళ్లు కొందరు దోసిట్లో పోయమంటారు, పోయండి.

చోటును బట్టి వేళ మారుతుంది. కూలీల అడ్డాలో జనం పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదింటి దాకానే ఉంటారు. పదింటికి తెరిస్తే వాళ్లకు అందేది ఏమీ లేదు. నిలోఫర్, గాంధీ లాంటి ఆసుపత్రుల దగ్గర రోగుల బంధువులు రాత్రి దాకా వస్తూనే ఉంటారు. బస్టాపుల్లో పన్నెండు నుంచి అయిదు దాకా రద్దీ. నీడను పొద్దున చూసి మోసపోకండి, మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి. గోడకు తూర్పు వైపున ఆ వేళకు నీడ పడుతుంది, పడమటి వైపు ఎండ మొహాన కొడుతుంది. ఫుట్‌పాత్‌ మొత్తం ఆక్రమిస్తే నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగాలి. దారి వదిలే పందిరి వేయాలి, జీహెచ్ఎంసీ వార్డు ఆఫీసుకూ ట్రాఫిక్ స్టేషన్‌కూ ముందే ఉత్తరం ఇవ్వాలి. బోర్డు తెలుగుతో పాటు ఉర్దూ, హిందీల్లోనూ ఉండాలి. అడ్డాల్లో ఒడిశా, బీహార్ కూలీలు చాలామంది. పాతబస్తీలో సబీల్ (దారినపోయేవాళ్లకు ఉచితంగా నీళ్లు పోసే పందిరి) పెట్టే అలవాటున్న వాళ్లను కలుపుకుంటే పని సగం తేలికవుతుంది.

మజ్జిగ, అంబలి రోజూ ఇస్తామని మాటివ్వకండి. వారానికి ఒకటి రెండు రోజులు బాగా ఇస్తే చాలు. 50 లీటర్ల మజ్జిగకు 10 లీటర్ల పెరుగు, 40 లీటర్ల నీళ్లు, 150 గ్రాముల ఉప్పు, 100 గ్రాముల అల్లం, 50 గ్రాముల పచ్చిమిర్చి, నాలుగు కట్టల కొత్తిమీర, కరివేపాకు. ఇంటి దగ్గరే కలిపి తెస్తే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పెరుగు చల్లగా తెచ్చి అక్కడే పదేసి లీటర్ల చొప్పున చిలకాలి. ఐసు మజ్జిగలో వేయొద్దు, గిన్నె చుట్టూ పెట్టండి. చేపల బండికి వెళ్లే ఐసు తాగే నీళ్లతో చేసింది కాకపోవచ్చు. తినకూడని ఐసుకు నీలం రంగు కలపాలన్న ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన అందుకే వచ్చింది. అంబలికి కిలో రాగిపిండిని మూడు లీటర్ల చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న ఎనిమిది లీటర్లలో పోసి సన్నమంట మీద పావుగంట తిప్పాలి. చల్లారాక నాలుగు లీటర్ల మజ్జిగ కలిపితే దాదాపు 60 గ్లాసులు. ఇక్కడ చెడేది చల్లార్చడంలో. 40 లీటర్ల డేగిసాలో అలాగే వదిలేస్తే నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉండి జిగురు సాగుతుంది. వెడల్పాటి బేసిన్లలోకి పల్చగా పంచాలి.

ఓఆర్ఎస్ పొడి పది ప్యాకెట్లు దగ్గరుంచుకోండి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్న 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒక లీటరులో ఒకేసారి కలపాలి, గ్లాసుకు చిటికెడు వేస్తే లెక్క తప్పుతుంది. దాతలు తెచ్చే తియ్యటి టెట్రాప్యాక్‌లు దీనికి బదులు కావు. ఆ ఫార్ములా లేని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే వాడొద్దని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దానికోసం ఏళ్లపాటు పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్. ఎవరైనా ఒళ్లు కాలిపోతూ, తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేసి, నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు, గజ్జలు తడిపి విసరాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ నాలుగు ముక్కలు పందిరి గుంజకు అంటించి ఉండాలి.

మనుషుల సంగతి. “ఎవరికి వీలైతే వాళ్లు రండి” అన్న వాట్సాప్ మెసేజ్‌కు మొదటి వారం పాతికమంది, మూడో వారం ఇద్దరు వస్తారు. వారానికో డ్యూటీ చార్టు మార్చడం కన్నా, సీజన్ అంతా మంగళవారం మీది, బుధవారం ఆయనది అని కట్టేస్తే గుర్తుంటుంది, రాలేనప్పుడు బదులు మనిషిని వాళ్లే వెతుక్కుంటారు. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థులు ఏడాదికి 120 గంటల సేవ చేయాలి కాబట్టి సంతోషంగా వస్తారు, కానీ పరీక్షల రోజుల్లో వాళ్ల మీద ఆధారపడొద్దు. వీటన్నిటికన్నా నమ్మకమైనది దగ్గరి బస్తీ నుంచి ఒకమ్మను జీతానికి పెట్టుకోవడం. కుర్చీ, ఫ్యాను, మధ్యాహ్నం భోజనం, నెలకు ఠంచనుగా జీతం ఇవ్వాలి. సేవలో జీతమేమిటని కొందరు సభ్యులు గొణుగుతారు. ఎనిమిది గంటలు ఎండలో కూర్చునే పని ఉచితంగా అడగడం మాకు సబబుగా తోచదు. సభ్యుల వంతు పొద్దున ఏడింటికి కడిగించి నింపించడం, మధ్యాహ్నం ఒకసారి చూసి రావడం. ఏడున్నరకు గ్రూపులో ఒక ఫొటో పెట్టాలి, అందులో మనుషులు ఉండకూడదు, మూత తీసిన నిండు కుండలు మాత్రమే.

మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి వేలమంది వస్తారు, మిగిలిన క్యాన్లు, గ్లాసులు అక్కడికి తరలించి ఆ రెండు రోజులు పోసి ముగించవచ్చు. పూడిపోయిన రంజన్లకు అడుగున చిల్లు పెట్టి మొక్కలకు ఇచ్చేయండి, బాగున్నవి ఎండబెట్టి బోర్లించి దాచండి. రోజూ ఎన్ని క్యాన్లు అయ్యాయి, ఏ గంటలో రద్దీ, ఏ వారం ఎవరు రాలేదు, ఎన్ని కుండలు పగిలాయి, ఇవన్నీ రాసిన నోటు పుస్తకం జూన్ 30లోపు కొత్త కార్యదర్శి చేతికి చేరాలి.