గోడ దాటిన కొమ్మ కూడా మనదేనంట

మా కాంపౌండ్‌లో ఒక బాదం చెట్టు, గోడ పొడుగునా కాగితం పూల కంచె ఉన్నాయి. కొమ్మ రోడ్డు మీదకి పోయాక అది మనది కాదు, రోడ్డు వాళ్ళే చూసుకుంటారు అనే లెక్కలో ఉన్నా ఇన్నేళ్ళూ. చెట్టు మొదలు ఎవరి స్థలంలో ఉంటే కొమ్మల బాధ్యత కూడా వాళ్ళదే అని మున్సిపాలిటీ వాళ్ళు గేటుకి అంటించిన నోటీసు చూశాకే తెలిసింది. 14 రోజుల్లో కొట్టించండి, లేదంటే మేమే కొట్టించి ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తాం అని ఉంది. ఫుట్‌పాత్ మీద 2.5 మీటర్లు, బండ్లు తిరిగే చోట 5 మీటర్ల ఎత్తు దాకా ఖాళీ ఉండాలంట (ఇది అన్నిచోట్లా ఒకేలా ఉండదు, మీ నోటీసులో ఏముందో చూసుకోండి).

ఒళ్ళు మండింది నిజంగా. నీడేమో అందరికీ, ఖర్చు నాకా అని. సరే చూద్దామని టేపు పట్టుకుని బయటికెళ్తే కంచె ముళ్ళతో సహా ముప్పావు మీటరు ఫుట్‌పాత్ మీదే ఉంది, పక్కింటి ఆంటీ మోచెయ్యి చూపించి "ఇది మీ పూల పనే బాబూ" అంది, పొడుగ్గా ఎర్రటి గీత. రోజూ అక్కడికి రాగానే రోడ్డులోకి దిగి నడుస్తుందంట. ఇంక నోరు లేవలేదు నాకు.

కంచె నేనే కత్తిరించా. మధ్యలో ఒకచోట గూడు, అందులో పిల్లలు, అందుకే ఆ కాస్త వదిలేసి ఫోటో తీసి ఆఫీసుకి పంపి టైమ్ అడిగా, ఇచ్చారు. అడగండి, అడిగితే పోయేదేం లేదు.

బాదం మాత్రం నా వల్ల అయ్యే పని కాదు, దాని కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా పోతాయి కదా, ఒకటి కరెంటు తీగల దగ్గరికి వెళ్ళిపోయింది. కంప్లైంట్ ఇస్తే లైన్‌మ్యాన్ వచ్చి "దాని జోలికి వెళ్ళకండి సార్, పచ్చి కొమ్మలోంచి కూడా షాక్ కొడుతుంది" అన్నాడు, సప్లై ఆపించి వాళ్ళే కొట్టారు.

మిగతావాటికి చెట్లు కొట్టే అతన్ని పిలిచా. ఒక్క వేటుతో అయిపోతుంది అనుకున్నా గానీ అతను ముందు కాండానికి మూరెడు దూరంలో కింద నుంచి కొంచెం కోశాడు, తర్వాత ఇంకాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ పడిపోయింది, చివర్లో మిగిలిన మోడు తీశాడు, అదీ కాండానికి ఆనించి కాదు, మొదట్లో ఉబ్బెత్తుగా ఉంగరంలా ఉంటుందే దాన్ని వదిలి. ఎందుకన్నా ఇంత తంటా అంటే, ఒకేసారి పైనుంచి కోస్తే కొమ్మ బరువుకి కాండం బెరడు కూడా చీరుకుపోతుంది, ఆ ఉంగరం ఉంటేనే గాయం మూసుకుంటుంది అన్నాడు. కోసిన చోట రంగు పూయమంటావా అంటే అక్కర్లేదన్నాడు.

ఒక్కటి మర్చిపోయా, పడ్డ కొమ్మలు ఎత్తడం కూడా మన పనే. బేరంలో ఆ మాట అనలేదు కాబట్టి విడిగా ఇచ్చుకున్నా.

గూట్లో పిల్లలు ఎగిరిపోయాక మిగిలిన కంచె కూడా తీసేశా, ఆఫీసాయన వచ్చి చూసి సంతకం పెట్టి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఆకుల్లో కప్పబడిపోయిన వీధి దీపం ఇప్పుడు తిన్నగా మా బెడ్‌రూమ్‌లోకి కొడుతోంది, మందపాటి కర్టెన్ వెతుకుతున్నా.