ఫోన్‌లో డాక్టరు గారు

2020 లాక్‌డౌన్‌లో ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం వైపు రాకపోకలు ఆగిపోయాయి. అమ్మకి షుగర్ చూసే డాక్టరు గారేమో శ్రీకాకుళంలో. వీడియో కాల్ అంటే "చెయ్యి పట్టి చూడకుండా ఏం వైద్యంరా?" అంది. వీధిలో పెద్దవాళ్లందరిదీ అదే మాట.

ఆ మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్‌కి, అంటే ఫోన్‌లో, వీడియోలో చేసే వైద్యానికి, మార్గదర్శకాలు ఇచ్చింది, ఏప్రిల్‌లో ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ ఈసంజీవని ఓపీడీ మొదలైంది. అమ్మకి అవేమీ పట్టలేదు. డాక్టరు గారు తెలుగులో "ఏమ్మా, అన్నం సరిగ్గా తింటున్నావా? పాదాలు ఓసారి చూపించు" అనగానే మెత్తబడింది. పాత మందులు కొనసాగించడానికి, రీడింగ్ చూసి మోతాదు మార్చడానికి ఫోన్ సరిపోయింది. గుండెల్లో నొప్పొస్తే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

నాకు ఇప్పటికీ బాధగా ఉండేది స్మార్ట్‌ఫోన్ లేక, పిల్లలు దగ్గర లేక మందులు ఆపేసిన ముసలివాళ్ల గురించే. పక్కింటివాళ్లెవరైనా కాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నా వాళ్ల మందులు ఆగేవి కావు.