బూట్ హిల్ మీద మార్షల్

మార్షల్ (చట్టాన్ని కాపాడే అధికారి) మ్యాట్ డిల్లన్ సమాధుల మధ్య నడుస్తూ మాట్లాడుతున్నాడు. తుపాకీ ఇంకా బయటికే తీయలేదు.

ఇవాళ పాత అమెరికన్ వెస్టర్న్ (కౌబాయ్‌ల కాలపు కథల) టీవీ సీరియల్ 'గన్‌స్మోక్' నలుపు తెలుపు ఎపిసోడ్ ఒకటి పెట్టుకున్నాను. తొలి సీజన్లలో చాలా కథలు ఇలాగే మొదలవుతాయి. కాన్సస్‌లోని డాడ్జ్ సిటీ, బూట్ హిల్ శ్మశానం, అక్కడ పూడ్చిన మనుషుల గురించి ఆయన గొంతు. హీరోని చూపించడమే చావుల మధ్య చూపించారు! 1955లో, పిల్లల కౌబాయ్ కథలు చూసి చూసి ఉన్న అమెరికా టీవీలో ఇదెంత ధైర్యమో.

635 ఎపిసోడ్లు. 1975 దాకా, 20 ఏళ్లూ జేమ్స్ ఆర్నెస్సే మార్షల్. బయట పౌరహక్కుల పోరాటం, కెనడీ హత్య, వియత్నాం. ఇంట్లో టీవీ ముందు ప్రతి వారం ఒకటే ప్రశ్న: తుపాకీ ఉన్నవాడు ఎప్పుడు ఆగాలి?

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. ఆ మైదానాల్లో పశువుల మందలు తోలినవాళ్లలో నల్లజాతివాళ్లు, మెక్సికన్లు వేలల్లో ఉన్నారు. ఆనాటి వెస్టర్న్ సీరియళ్లలో వాళ్లు దాదాపు కనపడరు. అమెరికా మూలవాసుల పాత్రలు కూడా తరచు తెల్లనటులే వేశారు. అంత నిజాయితీగా సమాధులు చూపించినవాళ్లు ఇది కూడా చూపించి ఉండాల్సింది.

మీలో ఎవరైనా ఆ తొలి సీజన్లు చూశారా? చూస్తే చెప్పండి, దీని గురించి చాలా మాట్లాడాలని ఉంది.