అషురే నెల

ఇస్తాంబుల్‌లో మొహర్రం నెల వస్తే మా అపార్ట్‌మెంట్ మెట్లమీదికి లవంగాలు, నారింజ తొక్క ఉడికే వాసన వచ్చేస్తుంది. ఏదో ఒక ఇంట్లో అషురే పొయ్యి మీద ఉందన్నమాట. గోధుమలు, శనగలు, ఎండు పళ్లు కలిపి వండే తీపి జావ ఇది. బక్లావా పేరు మనవాళ్లలో చాలామంది విన్నారు కానీ, ఇక్కడి తీపి వంటల్లో నాకు మాత్రం ఇదే గొప్ప. ఇంటిమట్టుకు చాలులే అని ఎవరూ దీన్ని కొంచెంగా వండరు. పెద్ద గిన్నె పెట్టాల్సిందే, పంచాల్సిందే.

ప్రళయం తగ్గి ఓడ ఒడ్డుకు చేరాక, నూహ్ ప్రవక్త (బైబిల్లో నోవహు) మిగిలిపోయిన గింజలూ పళ్లూ అన్నీ కలిపి వండించాడని కథ. ఆ ఓడ ఆగింది ఆగ్నేయ టర్కీలోని జూదీ కొండ మీదేనని ఇక్కడ చాలామంది నమ్మకం. ఇక్కడి అలెవీలకైతే (ముస్లింలలో ఒక శాఖవారు) ఇది ఇరాక్‌లోని కర్బలాతో ముడిపడిన వంట. 680లో అక్కడ ప్రాణాలు వదిలిన ముహమ్మద్ ప్రవక్త మనవడు హుస్సేన్ కోసం దుఃఖిస్తూ, పన్నెండు మంది ఇమాముల పేరిట 12 రోజులు ఉపవాసం ఉండి, ఆ తర్వాత అషురే పంచుతారు. పీర్ల పండక్కి మలీద తిని పెరిగినదాన్ని, హుస్సేన్ పేరు ఇక్కడ వింటే నాకు మా ఊరి పీర్ల చావిడే గుర్తొస్తుంది. అర్మేనియన్లు దాదాపు ఇలాంటిదే కొత్త సంవత్సరానికి, క్రిస్మస్‌కి వండుకుంటారు. దాన్ని అనుషాబూర్ అంటారు.

నాకు నేర్పింది పై అంతస్తు టెయ్‌జే. వయసులో పెద్దావిడని ఇక్కడ అలాగే పిలుస్తాం, మనం పిన్నిగారూ అన్నట్టు. పొట్టు తీసిన గోధుమలు, కాబూలీ శనగలు, తెల్ల బీన్స్ గింజలు రాత్రే వేరువేరుగా నానబెట్టి, వేరువేరుగానే ఉడికిస్తుంది. శనగల తొక్క ఒక్కొక్కటీ వేళ్లతో నొక్కి తీస్తుంది. చక్కెర ముందే పడితే గింజలు ఇక మెత్తబడవు, అందుకే అన్నీ ఉడికాకే వేయాలి. మలాత్యా ఖుబానీలు, కిస్‌మిస్ ఆ తర్వాత. అంజీర అన్నిటికన్నా చివర, లేకపోతే జావ రంగు నల్లబడుతుంది. గరిటెతో ఎత్తి పోసి చూపిస్తూ, "పలచగా ఉందనిపించినప్పుడే దించెయ్ తల్లీ, చల్లారితే అదే చిక్కబడుతుంది" అంటుంది. కొందరు పాలు పోస్తారు. నాకు పాలు లేనిదే ఇష్టం, గోధుమ రుచి తెలుస్తుంది. రోజ్ వాటర్ మాత్రం ఒక్క చెంచా దాటకూడదు.

పైన వాల్‌నట్, దాల్చినచెక్క పొడి, దానిమ్మ గింజలు చల్లుతారు. చాంద్రమానం కాబట్టి అషురే రోజు, అంటే మొహర్రం పదో రోజు, ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. 2025లో జూలై 5న వచ్చింది. ఆ ఎండల్లో ఇక్కడి దానిమ్మ ఎక్కడిది? అది కాసేది శరదృతువులో. టెయ్‌జే అప్పుడే గింజలు ఒలిచి ఫ్రీజర్‌లో దాచేస్తుంది.

గిన్నె అందుకున్నప్పుడు "అల్లాహ్ కబూల్ ఎత్సిన్" అనాలి, దేవుడు స్వీకరించుగాక అని. ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదు. నేను సున్నుండలు పెట్టి ఇస్తుంటాను. టెయ్‌జేకి అవి ఎంత నచ్చాయంటే, తనే చేసి చూస్తానంటోంది. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆవిడకి మినప్పప్పు తేవాలి.