సూరేకారం సూదులు

1986 ఆగస్టు గోదావరి వరదను మన బ్యాచ్‌లో ఎవరూ మరచిపోయి ఉండరు. అప్పుడు మనం తొమ్మిదో తరగతి. లంకలో మా అరటి తోట మొత్తం కుళ్లిపోయింది. దీపావళి వచ్చేసరికి ఇంట్లో చేతిలో డబ్బు లేదు. అయినా నాన్నగారు మా కోసం సంతలో చవగ్గా మతాబుల మందులోకి సూరేకారం (పొటాషియం నైట్రేట్) కొని తెచ్చారు. మతాబులు ఇంట్లోనే కూరుకునే రోజులవి. ఒకటి కూరి వెలిగించి చూస్తే సుర్రుమని ఆరిపోయింది. మిగిలింది చేటలో పోసి ఉంచితే మర్నాటికి చెమ్మెక్కి ముద్దయింది. అమ్మ చిటికెడు నాలుక మీద వేసుకుని, "ఇందులో కల్లుప్పు కలిపార్రా" అంది. నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ పొట్లం పట్టుకుని మన సైన్సు మాస్టారి దగ్గరికి వెళ్లాను. "రెండూ తెల్లగానే ఉన్నాయి, రెండూ నీళ్లలో కరుగుతాయి, ఎలా విడదీస్తారండీ?" అని అడిగాను. "ఏరా, వడపోత పనికిరాదని తెలిసిందన్నమాట. రేపు ల్యాబ్‌కి తే, అందరూ చూస్తారు" అన్నారు.

మీలో చాలామందికి ఆ రోజు గుర్తుండే ఉంటుంది. మాస్టారు ముందుగా బోర్డు మీద నాలుగు అంకెలు వేశారు. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లు 32 గ్రాముల సూరేకారాన్నే కరిగించుకుంటాయి, మరిగే నీళ్లయితే 240 గ్రాములు దాటి కరిగించుకుంటాయి. ఉప్పు మాత్రం చల్లటి నీళ్లలో 36, మరిగే నీళ్లలో 39. "ఈ తేడానే మన కత్తి" అన్నారు.

పొడిని మామూలు నీళ్లలో వేసి కలిపినప్పుడు బీకరు నా చేతికి ఇచ్చారు. చల్లగా తగిలింది! సూరేకారం కరిగేటప్పుడు నీళ్లలో వేడిని లాగేసుకుంటుందట. తర్వాత కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టి, మొత్తం కరిగి నీళ్లు తేటపడేదాకా కాచారు. అడుగున మిగిలిన మట్టిని గుడ్డలో వడగట్టారు. ఆపైన బీకరును కిటికీ పక్కన పెట్టి, "ఇక ఎవరూ ముట్టుకోకండి" అన్నారు.

ఎంతసేపటికీ ఏమీ కనపడక నాకు టెన్షన్ పెరిగిపోయింది. అప్పుడు అంచున సన్నటి తెల్లటి గీత ఒకటి పుట్టింది. చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి, అడ్డంగా మరొకటి. కాసేపటికి బీకరు నిండా సూదులు! ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో చుట్టి తెప్పించిన ఐసులో దాన్ని కూర్చోబెడితే ఇంకా దిగాయి. ఉప్పు కొద్దిపాటిదే కాబట్టి అది నీళ్లలోనే ఉండిపోయింది.

మరి ఉప్పు కావాలంటే? దాన్ని చల్లార్చి లాభం లేదు, నీళ్లే పోవాలి. సముద్రం ఒడ్డు ఉప్పు మడుల్లో ఎండ చేసేది ఆ పనే. మన కొబ్బరి నూనె సంగతీ ఆయనే చెప్పారు: 24 డిగ్రీల దగ్గర అది గడ్డ కడుతుంది, వేరుశనగ నూనె ఆ చలికి గడ్డ కట్టదు. ధనుర్మాసం పొద్దుల్లో సీసా కాస్త తేటగా, కాస్త గడ్డగా ఉందంటే కల్తీ జరిగిందేమోనని అనుమానించవచ్చు అన్నారు.

నేనిప్పుడు రిఫైనరీలో పనిచేస్తున్నాను. ముడి చమురును 350 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా కాచి, కాలమ్ అనే ఎత్తైన గొట్టంలాంటి కట్టడంలోకి వదులుతాం. ఆవిరి పైకి వెళ్లేకొద్దీ చల్లబడుతుంది: కింద డీజిలు, దాని మీద కిరసనాయిలు, ఇంకా పైన పెట్రోలు లాంటి తేలికైన నాఫ్తా. మన కోనసీమ తాటిపాకలో 2001లో మొదలైన ఓఎన్‌జీసీ మినీ రిఫైనరీలో జరిగేదీ ఇదే. వేడి వీటన్నిటినీ కలిపి లేపుతుంది, దేని అంతస్తులో దాన్ని దించేది చల్లబడడం. కొత్తగా చేరిన కుర్రాళ్లు మంట గురించే అడుగుతారు. నేను మాత్రం కాలమ్ పైభాగంలో ఉష్ణోగ్రత ఎంతుందో చూడమంటాను.

మాస్టారు ఆ సూదుల్ని చల్లటి నీళ్లతో ఒక్కసారి కడిగి, మళ్లీ కాచి, మళ్లీ చల్లార్చారు. అద్దుడు కాగితం మీద ఆరబెట్టి పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు. బరువు తగ్గింది గానీ చెమ్మ లేదు. దీపావళి రాత్రి నాన్నగారే మతాబు వెలిగించారు. తెల్లగా, ఆగకుండా కాలింది. ఆ వెలుగులో మా వాకిలి గోడ మీద వరద వదిలిన మట్టిచార, ఈ చివర నుంచి ఆ చివరిదాకా కనిపించింది.